చలికాలం చేపలు నోరెందుకు విప్పవు

ఒకప్పుడు చలికాలం వస్తే చేపలు అడుక్కి పోయేవి కావు. పైకి వచ్చేవి. ఒడ్డు దాకా వచ్చి మనుషుల్ని పలకరించేవి కూడా.

నవ్వకండి. ఇప్పుడంటే చలికాలంలో గాలం వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూచున్నా బెండు కదలదు. ఎర నానిపోతుంది, నడుము పట్టేస్తుంది, ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తినాలి. దీనికి చేపల్ని తిట్టేవాళ్లున్నారు. తిట్టాల్సింది చేపల్ని కాదు. ఎవర్నో చెబుతాను, వినండి.

ఒక పెద్ద మంచినీటి సరస్సు ఉండేది. దాని మధ్యలో చిన్న చిన్న లంకలు. ఒక లంకలో నాంచారయ్య, అతని భార్య తిరపతమ్మ ఉండేవాళ్లు. వాళ్లకున్నది ఒక పూరిల్లు, రెండు వలలు, తాటిమాను తొలిచి చేసిన ఒక దోనె.

ఆ సరస్సులో మనుషులకీ చేపలకీ ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలంలో, వానాకాలంలో వల వేయొచ్చు. పడిన చేప కూరవుతుంది, తప్పించుకున్న చేప తోకాడించుకుంటూ పోతుంది. దానికి ఎవరూ ఎవరి మీదా అలిగేవాళ్లు కారు. "వల మీది, పరుగు మాది" అనేవి చేపలు.

చలికాలం మాత్రం వేరు. ధనుర్మాసం పట్టగానే లంకలో వలలన్నీ ఇంటి వాసాలకి ఎక్కేవి. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోయేదాకా వాటిని దించకూడదు. ఆ నెలల్లో ఎండు చేపలు, తామర దుంపలు, దాచుకున్న వడ్లు. అంతే.

మరి ఆ నెలల్లో దోనెలు ఊరికే ఉండేవా? ఉండేవి కావు. దోనె మధ్యలో తడి మట్టి మెత్తి, దాని మీద కుంపటి పెట్టేవాళ్లు. ఊక, పిడకలు వేసి రాజేసేవాళ్లు. తెల్లవారగానే దోనె వేసుకుని నీళ్లలోకి పోయి, దోనె నడిపే గెడతో దాని అంచు మీద టక్ టక్ మని కొట్టేవాళ్లు. అది పిలుపు. ఆ చప్పుడు వినగానే చేపలన్నీ వచ్చి వెచ్చగా ఉన్న దోనె కడుపు కింద చేరేవి. పాపం, నీళ్లలో ఉండేవాళ్లకి దుప్పట్లెక్కడివి?

నాంచారయ్య దోనె కిందకి రోజూ ఒక కొరమీను కుటుంబం వచ్చేది. తండ్రి పేరు నల్లప్ప, తల్లి పేరు చుక్కమ్మ. వాళ్ల వెనకాల ఎర్రెర్రగా ఒక గుంపు పిల్లలు. కొరమీను సంగతి మీకు తెలుసో లేదో, పిల్లలు పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. చలిలో పుట్టిన ఆ పిల్లల్ని బతికించింది నాంచారయ్య కుంపటే.

అందుకని చుక్కమ్మ అతన్ని "అన్నా" అని పిలిచేది. అన్న అయ్యాక, మొగుడికి బావ కాక తప్పుతుందా? నల్లప్ప "బావా, బావా" అంటూ దోనెకి వీపు రుద్దుకునేవాడు. పిల్లలు "మావా, మావా" అంటూ ఎగిరి గంతులేసేవి. నాంచారయ్య పొద్దున తినే చద్దన్నంలోంచి నాలుగు మెతుకులు వాటికి వేసేవాడు.

మంచివాడే. అదే నాకు ఒళ్లు మండే సంగతి. చెడ్డవాడు చేసుంటే ఇంత కథ ఉండేది కాదు.

ఒక చలికాలం, నాంచారయ్య అక్క మొగుడు వీరాస్వామి చుట్టపుచూపుగా వచ్చాడు. మెరక మీద ఊరు, మాగాణి భూమి, మెలి తిప్పిన మీసం. కాళ్లు కడుక్కోగానే పీట వేసుకుని కూచున్నాడు. తిరపతమ్మ వేడి వేడి అన్నం, తామర దుంపల పులుసు, వేయించిన ఎండు చేప వడ్డించింది.

వీరాస్వామి విస్తరి వంక చూశాడు. చూసి నవ్వాడు.

"ఏమయ్యా బావమరిదీ, చుట్టూ నీళ్లు. నీళ్ల నిండా చేపలు. బావ వస్తే ఎండు చేప ముక్కా?"

"చలి నెలలు గదా బావా. వల దించకూడదు" అన్నాడు నాంచారయ్య.

"అలాగా! సరేలే. మీ అక్క అడుగుద్దిగా, మా తమ్ముడేం పెట్టాడని. ఊళ్లో వాళ్లూ అడుగుతారు. చెబుతాలే, చెరువు పక్కన ఉండి చేతులు కడుక్కోడానికి నీళ్లిచ్చాడని."

నాంచారయ్యకి తల కొట్టేసినట్టయింది. ఒక మనిషి నవ్వినందుకే అంత బాధా అంటారేమో. మీకింకా బావలు లేరు, మీకు తెలీదు.

మర్నాడు పొద్దున దోనె ఎక్కుతూ అతను ఇంట్లోంచి బియ్యం కడిగే గంప ఒకటి తెచ్చుకున్నాడు. కుంపటి చూసింది.

"గంపెందుకయ్యా?" అంది కుంపటి.

"నీకెందుకు?"

"నా దగ్గరికి చలి కాచుకోడానికి వచ్చేవాళ్లున్నారు. అందుకని అడిగాను."

"వల వెయ్యకూడదన్నారు గాని గంప ముంచకూడదని ఎవరన్నారు?" అన్నాడు నాంచారయ్య. "అయినా ఎన్ని పడతానేంటి? ఒక్కటే."

తప్పు చేసేవాడికి దారి చూపించడానికి వేరే ఎవరూ అక్కర్లేదు. వాడి బుద్ధే దీపం పట్టుకుని ముందు నడుస్తుంది. కుంపటి తన మీద బూడిద కప్పుకుంది.

నాంచారయ్య గెడతో దోనె అంచు మీద కొట్టాడు. టక్ టక్.

ముందుగా నల్లప్పే వచ్చాడు. ఎప్పుడూ అంతే. తను ముందు వచ్చి, అంతా బాగుందని చూసి, ఆ తర్వాతే పిల్లల్ని పిలిచేవాడు. "ఏం బావా, ఇవ్వాళ నిప్పు తక్కువేసినట్టున్నావే" అంటూ దోనె పక్కకి వచ్చాడు.

నాంచారయ్య గంప ముంచాడు. లేపాడు.

చేపల కళ్లకి రెప్పలుండవు. నల్లప్ప చూస్తూనే ఉన్నాడు. చూసినా, గంప పట్టుకున్న చెయ్యి బావది గదా, ఏమనుకుంటాడు?

"అరెరె, చూసుకోలేదా బావా? గంపలో పడ్డాను. కాస్త వంచు."

నాంచారయ్య గంప వంచలేదు. దోనె తిప్పాడు.

కొరమీను నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది. ఇంటికొచ్చేసరికి నల్లప్ప కులాసాగానే ఉన్నాడు. తిరపతమ్మ చూసి గబగబా కుండలో నీళ్లు పోసి అతన్ని అందులో వేసింది. నల్లప్ప ఇల్లంతా చూశాడు. వాసాలకి వేలాడే వలలు చూశాడు. పొయ్యి చూశాడు.

"ఇదా బావా మీ ఇల్లు! వెచ్చగా బాగుంది" అన్నాడు. "చెప్పకుండా తీసుకొచ్చేశావే. చుక్కమ్మని కూడా పిలవాల్సింది. వదిన్ని చూడాలని ఎన్నిసార్లు అందో."

తిరపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది.

"వదిలేసి రాయ్యా. నీకు దణ్ణం పెడతాను. నేను వంకాయ వండుతా, గుమ్మడికాయ వండుతా. ఆయన నవ్వితే నవ్వనీ. నవ్వితే మన ఒంటికేమన్నా చిల్లు పడుద్దా?"

నిజం చెప్పొద్దూ, నాంచారయ్య ఒక అడుగు కుండ వైపు వేశాడు కూడా. ఆ అడుగే ఇంకో అడుగైతే ఈ కథ మీకు చెప్పాల్సిన పని నాకుండేది కాదు.

సరిగ్గా అప్పుడే అరుగు మీద నుంచి వీరాస్వామి కేకేశాడు. "ఏమ్మా చెల్లెమ్మా, పులుసు వాసన రావట్లేదే! ఇవ్వాళ కూడా ఎండు చేపేనా?"

నాంచారయ్య కత్తిపీట తీశాడు.

మధ్యాన్నం వీరాస్వామి కడుపు నిండా తిన్నాడు. ముళ్లు ఒక్కొక్కటే తీసి విస్తరి పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కుని, "బానే ఉంది గాని, ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నాడు. ఎక్కువవదా మరి? తిరపతమ్మ ఏడుస్తూ వండింది.

సాయంత్రం ఆమె గిన్నెలు తీసుకుని ఒడ్డుకి వెళ్లింది. రోజూ లాగే గిన్నెలు కడిగింది. రోజూ లాగే మెతుకులు నీళ్లలో కలిశాయి. ఆమెకి చేతిలో ఏముందో, ఎక్కడ కడుగుతోందో తెలీనంత బాధ. ఒక్కసారి కూడా నీళ్ల వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున నాంచారయ్య దోనె వేసుకుని వెళ్లాడు. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాడు. అతను గెడ ఎత్తకముందే చుక్కమ్మ పైకొచ్చింది.

"అన్నా, మీ బావ నిన్న వచ్చినవాడు మళ్లీ రాలేదు. నీకేమన్నా కనపడ్డాడా?"

"లేదమ్మా" అన్నాడు నాంచారయ్య.

"నీ చప్పుడు వినే వచ్చాడన్నా."

"నా దాకా రాలేదమ్మా. కొంగలు తిరుగుతున్నాయి ఈ మధ్య. ఏ కొంగ ఎత్తుకుపోయిందో ఏమో."

చుక్కమ్మ నమ్మింది. నమ్మి, ఒడ్డున నిలబడ్డ కొంగల వైపు చూసింది. "అన్నా, నువ్వున్నావు గదా. ఇకనుంచి ఈ పిల్లలకి నువ్వే దిక్కు" అంది.

అప్పుడే పిల్లలు ఒడ్డు వైపు నుంచి ఈదుకుంటూ వచ్చాయి. మూతులు ఇంకా ఆడిస్తూనే ఉన్నాయి.

"అమ్మా, అమ్మా! నాన్న అక్కడే ఉన్నాడు! అత్త గిన్నెలు కడిగిన చోట."

"ఎక్కడర్రా? చూశారా?"

"కనపడలేదు. వాసనొచ్చింది. రాత్రి మెతుకులన్నీ నాన్న వాసనే. మేం అన్నీ తినేశాం, నీకు ఉంచలేదు."

సరస్సు మీద గాలి ఆగిపోయింది. నాంచారయ్య చేతిలో గెడ జారి నీళ్లలో పడింది. చుక్కమ్మ అతని వంక చూసింది. ఏడవలేదు. శాపం పెట్టలేదు. శాపం పెట్టినా బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి అతనికి వీలుండేది.

ఆమె పిల్లల వైపు తిరిగింది.

"నోళ్లు మూసుకోండి" అంది. "ఇంక మనిషి చేతి మెతుకు ముట్టొద్దు. పదండి."

పిల్లలు నోళ్లు మూసుకున్నాయి. తల్లి వెనకే కిందికి, ఇంకా కిందికి, బురద దాకా పోయాయి. ఆ దారిలో ఎదురైన బొచ్చెలు, రాగండులు, జెల్లలు, అన్ని జాతుల చేపలూ ఏమైందని అడిగాయి. చుక్కమ్మ చెప్పింది. అవి కూడా నోళ్లు మూసుకుని కిందికి దిగాయి.

అప్పుడు సరస్సు మాట్లాడింది.

"నాంచారయ్యా, ఎండాకాలంలో నువ్వు వల వేస్తే నేను ఏనాడూ అడ్డం రాలేదు. పిలిచి పట్టుకున్నావే, అదీ నాకు నచ్చనిది. ఇంక నీ కుంపటి నా బిడ్డలకి అక్కర్లేదు. నా దగ్గరున్న కాస్త వెచ్చదనం అడుగున దాచుకుంటాను. పైన చలి నీకు వదిలేస్తున్నాను."

నాంచారయ్య ఆ చలికాలమంతా రోజూ వెళ్లాడు. గెడతో దోనె అంచు కొట్టాడు. "చుక్కమ్మా, తప్పయిపోయింది తల్లీ, ఒక్కసారి పైకి రా" అని పిలిచాడు. నీళ్లు కదల్లేదు. కుంపటి పెద్దది చేస్తే వస్తారేమోనని తడిసిన పిడకలూ, పచ్చి గడ్డీ కూడా వేశాడు. మంట రాలేదు. పొగ మాత్రం లేచింది. లేచి నీళ్ల మీదే పరుచుకుంది. ఆ పొగకి వెచ్చదనం లేదు.

మరుసటి ఏడు ఎండు చేపలు ముందే అయిపోయాయి. లంకలో అందరూ చలి నెలల్లోనే వలలు దించారు. కట్టుబాటు ఎటూ పోయిందిగా! ఒక్కడు తిన్నాడు, ఊరంతా ఆకలితో పడుకుంది. వలలు ఖాళీగా వచ్చాయి. వీరాస్వామి మాత్రం మెరక మీద హాయిగా ఉన్నాడు. ఆ పులుసు సంగతి అతనికి గుర్తు కూడా లేదు.

అప్పటినుంచే చలికాలంలో చేపలు బురదలోకి దిగిపోయి నోరు మూసుకుంటాయి. ఎంత మంచి ఎర వేసినా ముట్టవు. కొరమీనుకి పైగాలి పీల్చక తప్పదు కాబట్టి, వచ్చి ఒక్క గుక్క పీల్చి, ఎవరి మొహమూ చూడకుండా పారిపోతుంది. చలికాలం పొద్దున్నే సరస్సు మీద తెల్లగా పరుచుకునే పొగ కూడా అప్పటిదే. చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది.

ఇంకొక్కటి మిగిలింది. జాలరులు ఇప్పటికీ దోనె అంచు మీద టక్ టక్ మని కొడతారు. ఆ చప్పుడు వింటే చేపలు ఇప్పుడు దగ్గరికి రావు, బెదిరి అవతలి వైపుకి పరిగెడతాయి. అందుకే వాళ్లు వల అవతలి వైపు కడతారు.