తెర మీద నాలుగు వేళ్లు

వాగు రెండు పాయలుగా చీలేచోట, టేకు చెట్ల మధ్య, మనుషులు కట్టుకుని వదిలేసిన విడిది ఒకటుంది. వరదకు దారి కొట్టుకుపోయాక మళ్లీ అటు తొంగిచూసిన మనిషి లేడు. కప్పు మీద కరెంటిచ్చే ఎండపలక, టీవీ బొమ్మలు పట్టే ఇనుప గిన్నె, వరండా గోడకు నిలువెత్తు టీవీ, దాని కింద వీడియో గేముల పెట్టె మాత్రం మిగిలాయి. పొద్దు పొడిస్తే తెరకు ప్రాణం, పొద్దు గుంకితే ఆరిపోతుంది. పెట్టెలో ఉన్నవి రెండే ఆటలు. ఒకటి గుట్టదొర. పైనుంచి దొర్లే బండలను తప్పించుకుంటూ గుట్టెక్కే ఎలుగుబంటి ఆట అది. రెండోది మడుగురాణి. మొసళ్లను కుమ్మి మడుగును కాపాడుకునే ఎనుము ఆట.

అడవి రెండుగా చీలడానికి అంతకన్నా ఏం కావాలి. చెట్లెక్కేవాళ్లూ బొరియలు తవ్వేవాళ్లూ గుట్టదొర పక్షం. పచ్చిక మేసేవాళ్లూ నీళ్లలో పడుండేవాళ్లూ మడుగురాణి పక్షం.

గుట్టదొర పక్షానికి పెద్ద ఏదులయ్య. జాతికి ఏదుపంది, వయసుకు అందరికీ తాత. ఆయన వంటి మీద ఎన్ని ముళ్లున్నాయో మనసులో అన్ని పగలున్నాయి. ఈ ముల్లు కొండముచ్చు తన దుంప ఎత్తుకుపోయినందుకు, ఆ ముల్లు ఉడత తన మాటకు అడ్డొచ్చినందుకు. అన్నిట్లోకీ పొడవైన ముల్లు మాత్రం ఎనుము కాటమ్మ పేరున ఉంది. మూడు ఎండాకాలాల కిందట, ఆటలో ఏదులయ్య గుట్ట కొసకు ఇంకో రెండు బండల దూరంలో ఉండగా, కాటమ్మ తోక తగిలి రిమోట్ వరండా కింద పడింది. చూసుకోలేదంది. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ ఆమెను "వదినా" అని పిలిస్తే ఆ పిలుపు గుచ్చుకుంటుంది.

అయితే ఒకటి చెప్పాలి. ఆయన మాటంటే మాటే. అడవికోడి పైడమ్మది నేలమీది గూడు, విడిదికి వెనక కలేకాయల పొదలో. రెండేళ్ల కిందట దుంపల కోసం తవ్వుతూ ఏదులయ్య ఆ గూడు కూల్చాడు. తప్పయిందనడం ఆయన వంశంలో లేదు. దానికి బదులు తన రాలిన ముళ్లన్నీ ఏరుకొచ్చి గూడు చుట్టూ కంచెగా పాతాడు. ఈ కంచె ఉన్నంతకాలం నీ గుడ్డు మీద ఈగ వాలదమ్మా అన్నాడు. వాలలేదు. ఈసారి పైడమ్మ ఏడు గుడ్లు పెట్టి, ఆ మాట మీద భరోసాతోనే మధ్యాహ్నం మేతకు పోయి వస్తోంది.

తెర వెలిగించే మీట ఎత్తున ఉంటుంది. కిటికీ చట్టం ఎక్కి దాన్ని నొక్కగలిగేది గుంటనక్క గుంటయ్య ఒక్కడే. వాడికి ఆడటం రాదు, నొక్కడం వచ్చు. ఆ పాటి విద్యకే అడవిలో వాడికి దండాలు.

ఒకరోజు పొద్దున గుంటయ్య మీట నొక్కలేదు. నల్లటి తెర మీద దుమ్ము, ఆ దుమ్ము నడుమ తడిమట్టితో అచ్చుపడ్డ ఒక అడుగు. నాలుగు వేళ్లు, వేలికో గోరు. గుంటయ్య చట్టం మీద కూర్చుని, అందరూ చేరేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"గుట్టదొరా మడుగురాణీ ఒకే ఆటలో కలుస్తున్నారు. ఒకే గుట్ట, ఒకే మడుగు. ఇది మొదటి ఆనవాలు. ఇంతకుమించి చెప్పకూడదు, నాతో ఒట్టు వేయించుకున్నారు."

ఎవరు వేయించుకున్నారని అడిగితే వాడు కప్పు మీది ఇనుప గిన్నె వైపు మోరెత్తి చూశాడు. అందరూ అటు చూశారు. అది చాలింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పూట నుంచి అడవిలో ఎవరికీ ఒకచోట కాలు నిలవలేదు. ఉడత గింజయ్య కొరికిన గింజ నోట్లోనే పెట్టుకుని మింగడం మరిచి చెట్టుచెట్టుకూ తిరిగాడు. జింకలు మేస్తూ మేస్తూ తలెత్తి విడిది వైపు చూసి, మళ్లీ వంచడం మరిచేవి. కొత్త ఆటలో ముందు నిలిచేది ఎవరు, దొరా, రాణీయా. దొర మడుగులో దిగితే ఈత వస్తుందా. రాణి గుట్టెక్కితే గిట్టలు జారవా. అడిగినవాడికి జవాబు లేదు, జవాబిచ్చినవాడికి నిద్ర లేదు.

అందరికన్నా అవస్థ ఏదులయ్యది. ఆటలో ప్రతి బండా ఎక్కడ దొర్లుతుందో కంఠతా వచ్చినవాడు ఆయన. తెర దగ్గరికి పోయి ముక్కు ఆనించి చూశాడు. దొర కాలికి ఐదు వేళ్లు. ఇక్కడ నాలుగే ఉన్నాయి. ఎంత లెక్కపెట్టినా నాలుగే. అది ఆయన కంట్లో నలుసులా పడింది. ఆ నలుసును అప్పుడే తీసి పారేసుంటే ఈ కథ లేదు.

గింజయ్య తోకాడిస్తూ, ఒక వేలు బండ వెనక ఉండుంటుంది తాతా అన్నాడు.

కాటమ్మ తాపీగా నెమరు ఆపింది. "గిట్టకు రెండు చీలికలు. రెండు గిట్టలకు నాలుగు. ఇది మా రాణి అడుగు, ఏదులన్నా. చదువుకున్నవాడివి, లెక్క తెలీదా?"

"గిట్టకు గోళ్లెప్పుడు మొలిచాయి వదినా? మీ ఇంట్లో అందరికీ ఉన్నాయేమో, నేను చూసుకోలేదు."

చివరికి పెద్దలంతా తేల్చిందేమిటంటే, దొర అడుగూ రాణి అడుగూ కలిసిపోతే నాలుగవుతుందని. ఆ తీర్పుకు ఏదులయ్య కూడా తలూపాడు. ఇద్దరూ కలుస్తున్నారన్న ఆశ ముందు ఒక వేలెంత.

మూడోరోజు గుంటయ్య ముహూర్తం చెప్పాడు. పున్నమి మర్నాడు, అంటే రేపే, పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు ఆట దిగుతుంది. వరసలో ముందున్నవాళ్ల పక్షానిదే తొలి ఆట. గుర్తులు ఇవాళే పెట్టుకోవచ్చు.

గుర్తుల సంగతి ఆ అడవిలో పాత ఆచారమే. ఎండల్లో చెలమ దగ్గర గంటల తరబడి నిలబడలేక, ఎవరి వంటిది వాళ్లు ఏదో ఒకటి వరసలో వదిలి పోతారు. ఆ గుర్తు ఉన్నచోట వాళ్లు ఉన్నట్టే. జింక కొమ్ముముక్క పెడుతుంది, నెమలి ఈక పెడుతుంది. గింజయ్య తోకవెంట్రుక పెట్టాడు, గాలి దాన్ని ఎత్తుకుపోయింది. కాటమ్మ పెట్టింది పేడకడి. ఎవరూ దాన్ని జరపరు. వంట్లో ఓపిక ఉన్నంతవరకు వరస మొదట్లో పన్నెండు కడులు పెట్టి, ఇవి మా పక్షానివి అంది.

ఏదులయ్యకు ఒంటి ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. తన పక్షంలో ముప్పైమంది ఉన్నారు. ముళ్లేమో అడిగినప్పుడు రాలవు, వాటి కాలానికి అవి రాలతాయి. ఆ సమయానికి గుంటయ్య పక్కకొచ్చి చెవి దగ్గర చేరాడు.

"మామా, పేడ వెనక నిలబడతావా నువ్వు?"

"నిలబడక ఏం చెయ్యమంటావు అల్లుడూ."

"రాలిన ముళ్లు నీకెక్కడో ఉన్నాయి కదా. ఒక్క రోజుకేగా."

అంతే అన్నాడు. మిగతాది ఏదులయ్య తనకు తనే చెప్పుకున్నాడు. ఒక్క రోజు. రేపు పొద్దు వాలేలోగా మళ్లీ పాతేస్తాను. పైడమ్మకు చెబితే కంగారుపడుతుంది, చెప్పకపోవడమే మేలు. ఆమె మేతకు పోయిన వేళ చూసి కంచె మొత్తం పీకి, నోటినిండా ముళ్లతో వచ్చి, పన్నెండు పేడకడులకూ ముందు ముప్పై ముళ్లు బారుగా నాటాడు. గుట్టదొర పక్షం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఆయనకు ఇంకేం వినపడలేదు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే పైడమ్మ వచ్చింది. రెక్కలు నేలకు ఆనుతున్నాయి. గుడ్లు ఆరే ఉన్నాయని చెప్పింది. ఎవరూ వినలేదు. దొర ముందా రాణి ముందా అని రెండు పక్షాలూ అరుచుకుంటున్నాయి. ఆమె ఒక్కొక్కరి ముందుకూ పోయి చెప్పింది, ఒక్కొక్కరూ పక్కకు వంగి ఆమె మీదుగా తెర వైపు చూశారు. చివరికి ఆమె కూడా, వీళ్లంతా ఇంతగా చూసేదేమిటా అని, తెర వైపు తిరిగింది.

కోడి బతుకంతా నేల గీరుతూనే గడుస్తుంది. ఏ మట్టి మీద ఎవరు నడిచారో దానికి వేరే చెప్పక్కర్లేదు.

"అన్నా, ఇది నా గూటి పక్కనున్న అడుగే," అంది ఏదులయ్యతో. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాలుగు వేళ్లు, నడిమి గోళ్లు రెండూ దగ్గరగా. మీ దొరెవరో రాణెవరో నాకు తెలీదు. ఇది నక్క కాలు."

ఏదులయ్య కంట్లోని నలుసు ఇన్నాళ్లకు కదిలింది.

"కంచె ఏమైందన్నా?"

ఆయన వరస వైపు చూడకూడదనుకున్నాడు, చూశాడు. ఆమె కూడా అటే చూసింది. తెల్లగా, నల్లగా, ముప్పై ముళ్లు బారుగా నిలబడి ఉన్నాయి.

"కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను," అంది పైడమ్మ. వెళ్లి మిగిలిన ఆరింటి మీద కూర్చుంది.

ఎవరేమన్నా ముల్లు లెక్కన దాచుకునే ఏదులయ్య ఆ మాటను ఎక్కడ గుచ్చుకోవాలో తెలియక పొదల చుట్టూ తిరిగాడు. పగ పట్టడానికి చూస్తే అవతల ఉన్నది తనే.

తెల్లవారగానే వెళ్లి వరసలోంచి తన ముళ్లు పీకడం మొదలుపెట్టాడు. గింజయ్య లబలబలాడుతూ అడ్డం పడ్డాడు. పొద్దెక్కితే ఆట, ఇప్పుడు చోటు వదులుకుంటావా తాతా, పక్షం పరువేం కాను అన్నాడు. ఏదులయ్య చివరి ముల్లు పీకి, "నా చోటు నాకొద్దు," అన్నాడు. ఆ మాట అనడానికి గుట్ట ఎక్కినంత ఆయాసం వచ్చింది. కాటమ్మ చూస్తూ చూస్తూ ఒక్క పేడకడిని మూతితో ముందుకు జరిపింది. అదీ చూశాడు, ముళ్లు నోట కరుచుకుని వెళ్లిపోయాడు.

ఈసారి కంచె కట్టలేదు. గూటి చుట్టూ ఎండు టేకాకులు పరిచి, వాటి కింద ముళ్లను మొనలు పైకి ఏటవాలుగా పెట్టాడు. నక్క అడుగు ఎంతుంటుందో తెర మీదే కొలుచుకొచ్చాడు, అంత ఎడంలో. పైడమ్మను పై కొమ్మకు ఎక్కమన్నాడు. ఆమె ఎక్కింది.

పొద్దు నడినెత్తికి వస్తోంది. వరండా ముందు ఇసుక వేస్తే రాలడం లేదు. గుర్తులన్నీ కాళ్ల కింద పడి, ఎవరి చోటు ఎక్కడో ఎవరికీ తెలియడం లేదు. తోకలు తొక్కుకుంటున్నారు, కొమ్ములు తగులుకుంటున్నాయి. గుంటయ్య చట్టం మీద లేచి, అందరూ కళ్లు మూసుకోవాలన్నాడు. ముందే చూస్తే ఆట చెడిపోతుందట, తాను పిలిచేదాకా ఒక్కరూ తెరవకూడదట. అడవంతా కళ్లు మూసుకుంది. ఒక్క ఏదులయ్య ఒంటికన్ను తెరిచి ఉంచాడు. గుంటయ్య వెనక కిటికీలోంచి జారడం చూశాడు.

కాసేపటికి కలేపొద వైపునుంచి ఒక కూత వినిపించింది. ఆట మొదలయ్యే పాట అనుకుని గింజయ్య పులకరించాడు.

గుంటయ్య తిరిగి వచ్చి చట్టం ఎక్కాడు. రాకపోతే అనుమానం, వస్తే అవస్థ. ముందరి కుడికాలు కడుపు కింద దాచుకుని, చిన్న ఆటంకం వచ్చిందని, ముహూర్తం అమావాస్యకు మారిందని చెప్పాడు. గుంపు గుర్రుమంది.

ఏదులయ్య ముందుకొచ్చాడు.

"మార్చుకో అల్లుడూ, ఎవరొద్దన్నారు. ఆ దాచిన కాలు ఒక్కసారి తెర మీది అడుగు పక్కన పెట్టు. మావాళ్లు నాలుగు రోజులుగా దాన్ని చూసి మురుస్తున్నారు."

గుంటయ్య కదల్లేదు. పైడమ్మ కొమ్మలు దాటుకుంటూ వచ్చి చూరు మీద వాలింది. ఒక గుడ్డు సంగతీ, అడుగు సంగతీ మళ్లీ చెప్పింది. ఈసారి విన్నారు. కాటమ్మ ఏదులయ్య మొహం చూసింది. ఆ ముసలివాడు ఎందుకు చోటు వదిలాడో అప్పుడు అర్థమైంది ఆమెకు. మూతితో నక్కను ఒక్క తోపు తోసి తెర గాజుకు అదిమింది. కాలు పోయి అడుగు మీద పడింది. నాలుగు వేళ్లూ నాలుగు వేళ్లలో కూర్చున్నాయి. అరకాల్లో తెలుపూ నలుపూ చారలతో జానెడు ముల్లు.

"చూసుకోలేదు," అంది కాటమ్మ.

ఆ మాటకు ఏదులయ్యకు మూడేళ్లలో మొదటిసారి నవ్వొచ్చింది. అణుచుకున్నాడు.

"ఈ ముల్లు నాది," అన్నాడు గుంటయ్యతో. "ముల్లు ఉన్నచోట వరసలో చోటున్నట్టే కదా. నీ చోటు ఖాయమైంది. దిగి ముందు నిలబడు. ఆట వచ్చేదాకా నీ వెనకున్నవాళ్లు నిన్ను కదలనివ్వరు."

నిజంగానే కదలనివ్వలేదు. నక్క మోసం చేసిందని అందరికీ తెలుసు. అయినా ఆట రాదని మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. మొదటివాడు వరస వదిలితే వచ్చే ఆట కూడా రాకుండా పోతుందేమోనని రెండు పక్షాలూ వంతులేసుకుని వాడికి కాపలా కాశాయి. ఆట లేదురా బాబూ, నేనే కల్పించానురా అని గుంటయ్య మొత్తుకున్నాడు. అంతకుమించి చెప్పకూడదని ఒట్టేశావు కదా, మాకు తెలుసులే అని గింజయ్య కన్నుకొట్టాడు. మీట నొక్కడం కొండముచ్చు నేర్చుకుంది.

కలేపొదలో ఆరు పిల్లలు లేచాయి. వాటి చుట్టూ కంచె మళ్లీ నిలబడింది. ఏదులయ్య రోజూ ముళ్లు లెక్కపెట్టి వస్తాడు. పైడమ్మ ఆయన్ను మళ్లీ అన్నా అని ఇంకా పిలవలేదు. వచ్చేదారిలో, దారి కాకపోయినా, విడిది మీదుగా వచ్చి తెర వైపు ఒక్క చూపు చూస్తాడు. ఊరికే.

అడుగుజాడకు మొక్కేముందు ఆ కాలెవరిదో కనుక్కోవాలి.