తొండ చెప్పిన ప్రార్థన అంశం

ఒకప్పుడు తొండ తల ఊపేది కాదు. మెడ నిటారుగా పెట్టి, కంచె మీద కొయ్యబొమ్మలా కూర్చునేది. దాని గొంతు మాత్రం తేనె. ఈ కథ చెప్పేవాడు పాట అందుకుంటే పక్కింటి కోళ్ళు గూట్లోకి దూరతాయి గానీ, తొండ అందుకుంటే దారినపోయే చీమలు కూడా బారు ఆపి వినేవి.

ఆ రోజుల్లో జంతువులకీ పక్షులకీ కలిపి ఒక సంఘం ఉండేది. తాటాకుల గుడి, గుడిలో ఒక మట్టికుండ. ఎవరింట్లో పొయ్యి వెలిగినా ముందు పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కన పెట్టేవారు. ఆదివారం తెచ్చి కుండలో పోసేవారు. లేనివాళ్ళకి అందులోంచే పెట్టేవారు.

గుడిలో వాక్యం చెప్పే అయ్యగారు తాబేలు. గుడి ఊడ్చేది సలోమి అనే పిచ్చుక. పాటలు పాడేది మన తొండ. దాని పేరు నతానియేలు.

ఒక మధ్యాహ్నం తొండ ఎండకి వీపు కాచుకుంటూ ఉంది. సలోమి గుడిలోంచి వచ్చింది. ముక్కు నిండా బియ్యం. అటూ ఇటూ చూసి ముళ్ళపొదల వైపు తుర్రుమంది.

తొండ అది చూసింది. ఎవరితోనైనా చెప్పకపోతే అన్నం సయించేలా లేదు. కానీ చాడీలు చెప్పడం పాపమని మొన్న ఆదివారమే పాడింది, అదీ రాగం తీసి మరీ. ఇప్పుడెలా?

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దారి దొరికింది.

“ప్రార్థన అంశాలేమైనా ఉంటే చెప్పండి” అంది సంఘపెద్ద మేకపోతు.

తొండ లేచి గొంతు సవరించుకుంది. “ఒక సహోదరి కోసం నాకు చాలా భారంగా ఉందండీ. పేరు మాత్రం చెప్పను.”

“ఎవరు నాయనా?” అంది కోడిపెట్ట మార్తమ్మ, మెడ సాగదీసి.

“పేరెందుకులే పిన్నీ. చిన్న ప్రాణి. రెక్కలుంటాయి. చీపురు పడుతుంది. కుండ దగ్గర శోధనలో పడింది. కన్నీళ్ళతో ప్రార్థించండి.”

అందరూ కళ్ళు మూసుకున్నారు. అంటే, ఒక కన్ను. రెండోది కుండ మీదే ఉంది.

ప్రార్థన అయ్యేసరికి ముక్కెడు బియ్యం దోసెడయింది. గుడి మెట్లు దిగేసరికి మూటెడయింది. పొద్దు వాలేసరికి, “అయ్యగారి కళ్ళుగప్పి ఎన్నాళ్ళనుంచి మోస్తోందో” అని ఊరంతా చెవులు కొరుక్కుంది. తొండ మాత్రం, “నేనేమీ అనలేదమ్మా, ప్రార్థన చెయ్యమన్నానంతే” అంటూ కంచె కంచె దగ్గరా ఆగింది.

ఆదివారం మేకపోతు కుండ మూత మీద బండరాయి పెట్టించింది.

“ఏమ్మా సలోమీ, బియ్యం ఎక్కడికి మోశావు?”

సలోమి తల దించుకుంది. “నేను చెప్పకూడదు పెద్దయ్యా. అయ్యగారు వచ్చాక అడగండి.”

అయ్యగారు పొరుగూరి సభలకి వెళ్ళారు. ఆయన నడక సంగతి అందరికీ తెలిసిందే.

“చేసిందంతా చేసి, పైగా అయ్యగారి మీదికి తోస్తోంది చూడు!” అంది మార్తమ్మ. “నా వాకిట్లో ఒక్క గింజ ఏరావంటే పొడిచేస్తా.”

ఆ రోజు సలోమి కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు.

తొండకి ఇంకా తనివి తీరలేదు. వచ్చే శుక్రవారానికి కొత్త అంశం కావాలి. గుడిలో ప్రార్థన అయ్యాక సలోమి వెనకే చడీచప్పుడు లేకుండా ముళ్ళపొదల్లోకి పాకింది.

అక్కడ జెకర్యా తాత పడి ఉన్నాడు. జెకర్యా తాతంటే నెమలి. ప్రతి క్రిస్మస్‌కీ ఊరందరికీ విస్తళ్ళు వేసి భోజనం పెట్టిన నెమలి. ఇప్పుడు జబ్బు చేసి ఈకలన్నీ రాలిపోయాయి. కాళ్ళు పడిపోయాయి. ఒంటి మీద బొమికలు తప్ప ఏమీ లేవు.

“ఇవాళ బియ్యం తేలేదేమ్మా?” అన్నాడు తాత.

“కుదరలేదు తాతా. ఇవి తిను.” సలోమి నాలుగు గడ్డిగింజలు నోట్లో పెట్టింది.

“ఎవరికీ చెప్పలేదు కదా? అంతమందికి పెట్టినవాణ్ణి ఇలా అడుక్కుతింటున్నానని తెలిస్తే తట్టుకోలేనమ్మా. అయ్యగారు నాకు మాటిచ్చారు.”

“చెప్పలేదు తాతా. చెప్పను.”

తొండకి అంతా అర్థమైంది. పరుగెత్తుకెళ్ళి ఊరందరికీ చెప్పాలనుకుంది. కానీ చెబితే, “అదేంటి, నువ్వేగా అన్నావు!” అంటారు. ఆదివారం పాట ఇంకెవరికో ఇచ్చేస్తారు. “అయ్యగారు రానీ, ఆయనే చెబుతార్లే” అని సర్దిచెప్పుకుని కంచె ఎక్కి కూర్చుంది. చాడీ మోసుకు తిరగడానికి నాలుగు కాళ్ళూ చాలలేదు దానికి. నిజం మొయ్యాల్సి వచ్చేసరికి ఒక్క కాలూ కదల్లేదు.

గడ్డిగింజలు నెమలికి ఏ మూలకి? అయ్యగారు ఊరు చేరేసరికి జెకర్యా తాత లేడు.

సమాధి దగ్గర అయ్యగారు ఉన్నదంతా చెప్పారు. ఆ బియ్యం తానే పంపమన్నానన్నారు. అందరి కళ్ళూ తొండ మీద పడ్డాయి.

“నేను అబద్ధం చెప్పలేదండీ అయ్యగారూ. చూసిందే చెప్పాను.”

“చూశావు సరే. ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగావా?” అన్నారు తాబేలు అయ్యగారు. “నిజంగా తప్పు చేసినవాడి దగ్గరికైనా ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమన్నాడు ప్రభువు. నువ్వేమో చాడీ చెప్పి, దానికి ప్రార్థనని పేరు పెట్టావు. ఆయన్నే అడ్డం పెట్టుకున్నావు నాయనా.”

తొండ వెళ్ళి సలోమి కాళ్ళ మీద పడింది.

“లే అన్నయ్యా. నేను క్షమించాను. నన్ను ప్రభువు క్షమించలేదా?” అంది సలోమి. కొత్త మట్టి వైపు చూసి, “తాతని మాత్రం ఇంక అడగలేవు కదా” అంది.

తొండ ఇంటింటికీ బయల్దేరింది. “తప్పు నాదే! సలోమి దేవుడిలాంటిది!” అని ప్రతి కంచె మీదా అరిచింది.

“మంచివాడివి గనక వెనకేసుకొస్తున్నావు నాయనా” అంది మార్తమ్మ. “తాతకి పెట్టిందేమో సరే. మధ్యలో తనేమీ తినలేదంటావా?”

“లేదు పిన్నీ! తప్పు నాదే!”

“ఏదో ఉండే ఉంటుందిలే.”

తొండ ఇంకా గట్టిగా అరిచింది. పక్కూరికి పోయి అరిచింది. తను చెప్పిన మాట అక్కడికి ఎప్పుడో చేరిపోయి, పిల్లల్ని కూడా కనేసింది. అరిచి అరిచి గొంతు ఉబ్బి, రక్తం చిమ్మినట్టు ఎర్రబడింది. చివరికి మాట పడిపోయింది. తిరిగొచ్చేసరికి సలోమి ఆ ఊళ్ళో లేదు. ఎటు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

ఇక తొండకి మిగిలింది తల ఒక్కటే. ఎవరు కనబడినా, అవును, తప్పు నాదే, తప్పు నాదే అన్నట్టు పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే తొండకి మాట లేదు. అప్పటినుంచే దాని గొంతు ఎర్రబడుతుంది, కంచె మీద కూర్చుని తల ఊపుతూనే ఉంటుంది. ఇద్దరు అక్కడ నిలబడి మూడో మనిషి గురించి గుసగుసలాడితే మరీ గబగబా ఊపుతుంది. అది తమ మాటకే అవునంటోందనుకుని వాళ్ళు ఇంకొంచెం చెప్పుకుంటారు.