మద్దిలేటి అడిగిన వాగు

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక రాజ్యానికి ఇద్దరు దొరలుండేవారు. ఒకే తల్లి బిడ్డలు. గద్దె దగ్గర తగువొచ్చి, ఒక వాగుకు అటొకరు ఇటొకరు దండు దించారు. ఆంబోతులు పోట్లాడుకుంటే విరిగేది లేగల కాళ్లే కదా.

మద్దిలేటి పెద్దదొర దండులో మామూలు బంటు. వాడి తమ్ముడు పుల్లన్న అవతలి ఊరికి ఇల్లరికం పోయినవాడు. అందుకని చిన్నదొర దండులో పడ్డాడు. పొద్దుగూకితే డప్పు మోగేది, పోరు ఆగేది. అప్పుడు, మసక చీకట్లో మనిషి కనబడకపోయినా, ఒడ్డున నిలబడి అయినవాళ్లను పలకరించుకోవచ్చు. వాగు దాటితే మాత్రం తల తీస్తారు.

రోజూ అంబలి కుండ ముందు పెట్టుకుని మద్దిలేటి కేకేసేవాడు.

"తింటివా తమ్ముడా?"

"తింటినన్నా. నువ్వు తిను."

ఆ మాట వింటేగానీ వాడికి గుటక దిగేది కాదు.

ఇంతలో పెద్దదొర హుకుం వేశాడు. పున్నమి నుంచి అమాస దాకా అవతలికి పోయే జొన్నల బండ్లన్నీ తగలబెట్టారు. తగలబెట్టిన చేతుల్లో మద్దిలేటి చేతులూ ఉన్నాయి. అమాసనాటి సాయంత్రం భయపడుతూనే తమ్ముణ్ని అడిగాడు.

"తింటినన్నా. నువ్వు తిను."

మరునాడూ అదే మాట. మూడోనాడూ అదే మాట, కాకపోతే గొంతు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది. ఎలాగైతేనేం, తిన్నాడు కదా అనుకుని మద్దిలేటి తన కుండ ఖాళీ చేశాడు.

తెల్లారి అవతలి బంటు ఒకడు పట్టుబడ్డాడు. ఎముకల గూడు. తమ్ముడెలా ఉన్నాడని మద్దిలేటి అడిగితే వాడు వింతగా చూశాడు.

"పుల్లన్నా? ఆకలికి పాయె. ఆ ఒడ్డునే పూడ్చి మూడు దినాలాయె."

ఆ సాయంత్రం మద్దిలేటి ఒడ్డుకు పోయాడు. అంబలి కుండ ముందు పెట్టుకున్నాడు. అడగకుండానే అవతలి నుంచి జవాబొచ్చింది.

"తింటినన్నా. నువ్వు తిను."

మద్దిలేటి కుండ నెత్తిన పెట్టుకుని వాగులో దిగాడు. రెండు దండ్లూ చూస్తూ ఉండిపోయాయి. అవతల మట్టిదిబ్బ మీద పడి ఏడ్చాడు.

"అన్నకే అబద్ధం చెప్తివి గదరా" అన్నాడు.

అంబలి పోశాడు. పోసింది పోసినట్టే మన్ను తాగేసింది. ఆ గుటకల చప్పుడు ఇవతలి ఒడ్డుకు వినిపించింది.

తిరిగొచ్చిన మద్దిలేటి తల తీయించాడు పెద్దదొర. తల తీస్తే మాత్రం ఆ అడగడం ఆగుతుందా? పొద్దుగూకి బంట్లు కుండల ముందు కూర్చోగానే వాగులోంచి మద్దిలేటి గొంతు వచ్చింది. "తింటివా తమ్ముడా?" ఒక్కొక్కడికీ అవతలున్న తనవాణ్ని అడిగినట్టే ఉంది. ఎవడికీ గుటక దిగలేదు. మరునాడూ అడిగింది. మూడోనాడు దండు దండంతా కుండలెత్తుకుని వాగు దాటింది. అన్ని తలలు తీయడానికి దొర దగ్గర మనిషన్నవాడు మిగల్లేదు.

ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్లలో తిన్నానంటే ఎవరూ నమ్మరు. లోపలికి పోయి పొయ్యిలో చెయ్యి పెట్టి చూస్తారు. బూడిద చల్లగా తగిలితే, మారుమాట లేకుండా తమ కుండ తెచ్చి దించుతారు.

"మద్దిలేటి అడగకముందే తిను" అంటారు.