పట్టపుటేనుగు పెట్టిన పరీక్ష

మందారగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దానికి రాజు ప్రచండభైరవుడు. ఆయన సభలోకి రావాలంటే ముందు ఆయన బిరుదులు రావాలి. భటులు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి, మొర చెప్పుకోవడానికి వచ్చినవాళ్లలో సగం మందికి కాళ్లు పీకేవి. మిగతా సగం వచ్చిన పనే మరిచిపోయేవారు.

ఆ కొలువులో బుచ్చన్న నర్మసచివుడు. నర్మసచివుడంటే మరేం లేదు, రాజుగారి మనసు బాగులేనప్పుడు నవ్వించి బాగుచేసే ఉద్యోగం. అంతకుముందు అతను సంతలో కుండలు అమ్ముకునేవాడు. ఒకనాడు రాజుగారు సంత మధ్య అంబారీ దిగుతుంటే కిరీటం జారి ముక్కు మీద కూర్చుంది. జనం బిక్కచచ్చిపోయారు. నవ్వితే తల పోతుంది, నవ్వకపోతే ఊపిరి పోతుంది. ఆ భయంలో బుచ్చన్న నోరు జారింది.

"ఏలినవారి ముఖం ఎలా ఉంటుందో కిరీటానికి ఇన్నాళ్లూ తెలియదు పాపం. చూద్దామని వంగింది."

రాజు పకపకా నవ్వి అక్కడికక్కడే కొలువిచ్చాడు.

మూడేళ్లయింది. రాజు నవ్వని రోజు లేదు. అయినా రోజూ పొద్దున తలపాగా చుట్టుకునేటప్పుడు బుచ్చన్న గుండె పీచుపీచుమనేది.

"ఇవాళ బయటపడిపోతానే పేరమ్మా. నాకేమీ రాదు. ఆ రోజు ఏదో గాలివాటంగా నోటికొచ్చింది" అనేవాడు భార్యతో.

"మరి నిన్న?"

"నిన్నా గాలివాటమే."

"మొన్న?"

"అదీ అంతే."

"మూడేళ్లుగా ఒకే వైపు వీచేదాన్ని గాలి అనరయ్యా. కూచుని చద్దన్నం తిను" అనేది పేరమ్మ.

ఆస్థాన పండితుడు సర్వేశ్వర సోమయాజికి మాత్రం బుచ్చన్నను చూస్తే ఒళ్లు మంట. ఒకరోజు నిండు సభలో లేచి, "ప్రభూ, గురువు లేనివారూ గ్రంథం చదవనివారూ కొలువులో చేరిపోయారు. పరీక్ష పెట్టాలి" అన్నాడు.

రాజు మీసం దువ్వాడు. "నిజమే. సోమవారం అందరికీ పరీక్ష. తన ఉద్యోగానికి తాను తగినవాడినని రుజువు చేసుకోలేనివాడికి గుండు గీయించి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగిస్తాం. మొదట బుచ్చన్న."

"హాస్యానికి లక్షణాలెన్నో, అవి ఏ శాస్త్రంలో ఉన్నాయో నేనే అడుగుతాను" అన్నాడు సోమయాజి తీపిగా.

ఇంకేముంది, బుచ్చన్న మూట కట్టేశాడు. సోమవారం తెల్లవారుతుండగా ఊరు విడిచిపోదామని బయల్దేరి, పోయేముందు గజశాల వైపు తిరిగాడు. పట్టపుటేనుగు భద్ర అంటే అతనికి ప్రాణం. రోజూ సాయంత్రం నడుము దట్టీలో చెరుకుముక్క దాచి తెచ్చి దానికి పెట్టేవాడు. చివరి ముక్క పెట్టి పోదామనుకున్నాడు.

తీరా చూస్తే అక్కడ అప్పటికే ఎవరో ఉన్నారు. కిరీటం లేదు, బిరుదులు లేవు, చేతిలో చెరుకుగడ. రాజుగారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రచండభైరవుడు రాజు కడుపున పుట్టిన రాజు కాదు. వెనకటి రాజు పిల్లలు లేకుండా పోతే, ఆ రాజ్యపు ఆచారం ప్రకారం పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వదిలారు. అది ఊరంతా తిరిగి, తోట గట్టున నిలబడి చెరుకు నములుతున్న ఒక కుర్రవాడి మెడలో మాల వేసింది. ఆ కుర్రవాడే ఈయన.

"నిజం చెప్పు భద్రా, ఆ రోజు నన్ను చూసి వేశావా, నా చేతిలో చెరుకు చూసి వేశావా? ఇవాళ కాకపోతే రేపు ఎవడో కనిపెట్టేస్తాడు. నా బతుకు బయటపడిపోతుంది" అంటున్నాడు రాజు.

భద్ర ఇంకో చెరుకుముక్క కోసం తొండం చాచింది.

గోడ వెనక నక్కి వింటున్న బుచ్చన్న నోరు వెళ్లబెట్టాడు. ఇవి తాను రోజూ పేరమ్మతో అనే మాటలే. అయితే ఈ జబ్బు కుండలవాళ్లకే కాదు, కిరీటాలవాళ్లకూ ఉందన్నమాట. అన్ని బిరుదులెందుకో కూడా అతనికి అప్పుడే తెలిసొచ్చింది. చలి ఎక్కువున్నవాడే ఎక్కువ దుప్పట్లు కప్పుకుంటాడు.

బుచ్చన్న ఇంటికెళ్లి మూట విప్పాడు, దట్టీలోని చెరుకుముక్క తీసి గూట్లో పెట్టాడు.

సభలో సోమయాజి గొంతు సవరించుకోగానే బుచ్చన్న చేతులు జోడించాడు. "పండితులవారూ, పరీక్ష అన్నాక కొలత అందరికీ ఒకటే ఉండాలి కదా. మన రాజ్యంలో అన్నిటికన్నా పెద్ద ఉద్యోగానికి మనిషిని ఎంచిందెవరు?"

"ఇంకెవరు, పట్టపుటేనుగు. దైవాంశ గలది."

"అంత పెద్ద ఉద్యోగానికి సరిపోయినది మన చిన్న ఉద్యోగాలకు చాలదా? భద్రకు మాల ఇచ్చి సభలోకి వదలండి. అది ఎవరి మెడలో వేస్తే వారే యోగ్యులు. మిగతా అందరికీ గాడిదలు కట్టించండి."

రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. వద్దంటే తన సింహాసనాన్ని తానే శంకించినట్టు. "కానివ్వండి" అన్నాడు సన్నగా.

భద్ర మాల ఊపుకుంటూ వచ్చింది. అంతే, అది నలుగురిలో తమను కాదని పోతుందేమోనన్న భయంతో సభలో ఎక్కడివాళ్లు అక్కడ మాయం. ఒక్కో స్తంభం వెనక ముగ్గురేసి దూరారు. ఉత్తరీయం సర్దుకునే మిషతో అందరికంటే ముందు దూరినవాడు సోమయాజి. మిగిలింది ఇద్దరే. సింహాసనం వదలలేక రాజు, తానే రప్పించాక దాక్కోలేక బుచ్చన్న. ఏనుగు ఏం చేస్తుందో అతనికి మాత్రం ఏం తెలుసు?

భద్ర తిన్నగా వచ్చి బుచ్చన్న నడుము దట్టీ తడిమింది. ఖాళీ. సింహాసనం దగ్గరికి వెళ్లి రాజుగారి ఒడి తడిమింది. అక్కడా ఖాళీ. పెద్ద నిట్టూర్పు విడిచి, మాలను మడిచి నోట్లో పెట్టుకుని తినేసింది.

రాజు వంగి గొంతు తగ్గించాడు. "బుచ్చన్నా, అయితే ఆ రోజు కూడా చెరుకేనా?"

"చెరుకే అయ్యుండవచ్చు ప్రభూ" అన్నాడు బుచ్చన్న అంతే మెల్లగా. "కానీ మాల వేసి అది తన దారిన గజశాలకు పోయింది. కరువు ఏడాది ధాన్యపు కొట్లు తెరిపించింది ఏనుగా? పై ఊరికీ కింది ఊరికీ కాలవ తగువు తీర్చింది ఏనుగా? ఎక్కించింది అదే కావచ్చు, ఇన్నేళ్లూ ఏలింది మీరు."

రాజు అతన్ని తేరిపార చూశాడు. "ఈ మాట నీకెవరు చెప్పారు?"

"నాకు నేను చెప్పుకోవడం ఎప్పుడూ చేతకాలేదు ప్రభూ. ఇప్పుడు మీకు చెబుతుంటే నాకూ వినబడింది."

అంతలో సోమయాజి స్తంభం చాటునుంచి తల బయటపెట్టాడు. "ప్రభూ, చివరికి ఏనుగు ఎవరిని ఎంచింది?"

"స్తంభాలను పండితులవారూ" అన్నాడు బుచ్చన్న. "ఇవాళ ఈ సభలో తమ చోటునుంచి కదలకుండా తమ పని తాము చేసినవి అవే."

రాజు నవ్విన నవ్వుకు కిరీటం మళ్లీ ముక్కు మీదికి జారింది. ఈసారి స్తంభాల వెనక కూడా ఎవరూ ఆపుకోలేకపోయారు. పరీక్ష రద్దయింది, గాడిదలు చాకిరేవుకు పోయాయి. రాజు తన చేతి బంగారు కడియం తీసి బుచ్చన్నకు తొడిగి, "నా బిరుదుల్లో నీకు నచ్చింది ఒకటి తీసుకో" అన్నాడు.

"వద్దు ప్రభూ. మోయించడానికి నాకు ఏనుగు లేదు."

రాజు మళ్లీ నవ్వాడు. మర్నాటి నుంచి సభలో బిరుదులు సగమే చదివారు.

పరీక్ష మర్నాడు పొద్దున తలపాగా చుట్టుకుంటూ బుచ్చన్న ఆగాడు. "పేరమ్మా, నిన్నటిది కూడా గాలివాటమేనేమో."

పేరమ్మ అతని దట్టీలో చెరుకుముక్క దోపి గుమ్మం వైపు తిప్పింది. "సరే, గాలి ఆగకముందే వెళ్లిరా."