కండువా పందెం

తన మెకానిక్ షెడ్డు బోర్డు మీద 'కాసిం మేస్త్రీ శిష్యురాలు' అని రాయించుకుంది గానీ, ఆయన ఒక్క ముక్కా నేర్పలేదనీ, ఆయన షెడ్డుకి ఎదురుగా టీ అమ్ముతూ చూసి నేర్చుకున్నాననీ నీలవేణి ఎవరికీ చెప్పలేదు.

ఇంజను కాగిపోతోందని సర్పంచ్ భూషణరావు తన టర్బో కారు చూడ్డానికి పొద్దున్నే ఆమెను ఇంటికి పిలిపించాడు.

"ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ గొట్టం చిట్లిందండీ. వేడెక్కితే కారుతుంది."

"పొడిగానే ఉందిగా! నా బండికి లీకేంటే? అబద్ధాలాడితే నీ బోర్డు పీకిస్తా!"

"లీకు లేదంటే మీ తెల్ల కండువాకి భయమేముందండీ? గొట్టానికి చుట్టి, ఘాట్ రోడ్డెక్కి దిగిరండి. కూలెంట్ పచ్చమరక అంటకపోతే బోర్డు నేనే పీకేస్తా."

భూషణరావు చెయ్యి కండువా దాకా వెళ్లి, అక్కడే ఆగింది.

"కండువా ఎందుకులేమ్మా... గొట్టమే మార్చెయ్."

గొట్టం బిగిస్తున్నంతసేపూ నీలవేణికి నవ్వాగలేదు. బోర్డు నిలిచింది. ఇక దాని మీది మాటే నిజం కావాలి. చేతులు తుడుచుకుంటూ, కాసిం మేస్త్రీకి ఫోన్ చేసి అంతా చెప్పేసి, నిజంగానే శిష్యురాలిగా చేర్చుకోమని అడగాలని నిశ్చయించుకుంది.