చింతాకు నింపిన ఖాళీ గడులు

అనగనగా ఒక అడవిలో, కొండ పొట్టలో ఒక పెద్ద కొట్టు ఉండేదర్రా. జోరువానల్లో జంతువులు బయటికి పోలేవు కదా! అందుకని ఎండలుండగానే ఎవరికి దొరికింది వాళ్ళు తెచ్చి అందులో వేసేవి. వానలు పట్టాక ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకెళ్ళేవి. ఆ కొట్టు చూసుకునేది ఒక ఎలుక. పేరు చింతాకు. చింతాకంత ప్రాణం, అందులో కొండంత భయం.

ఒకరోజు ఏనుగు పెద్దమ్మ కొట్టు చూడటానికి వచ్చింది. లోపల అన్నీ కలగాపులగం! పడక గడ్డి మీద పళ్ళు, పళ్ళ కింద దుంపలు.

“ఇదేమిటే చింతాకూ!” అంది పెద్దమ్మ. “ముందు వేటికవి విడదియ్యి. పడకలు ఒక రకం, పళ్ళు ఒక రకం, దుంపలు ఒక రకం. ఏ రకాన్ని అడగాల్సిన ప్రశ్న దానికే ఉంటుంది. పడకని ‘తీపా, పులుపా’ అని అడుగుతామా? ‘మెత్తనా, గరుకా’ అంటాం. పండుని రుచి అడుగుతాం. దుంపనైతే ‘పచ్చిగా తినొచ్చా, నానబెట్టాలా’ అంటాం. ఒక్కో బుట్టకీ ఒక టేకాకు కట్టి, దాని మీద గడులు గీసి, జవాబులు రాయి. తొలకరి లోపల అయిపోవాలి.”

మొత్తం మూడు వందల బుట్టలు. చింతాకుకి తిండి సయించలేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఎలుకని పిల్లితో పోల్చకూడదనుకోండి, కానీ అలాగే తిరిగింది పాపం! తనకి తెలిసినవి తను రాసింది. తెలియనివి తెచ్చినవాళ్ళని అడిగి రాసింది. అలా రాస్తూ రాస్తూ ఒక ఊదారంగు దుంపల బుట్ట దగ్గర ఆగిపోయింది.

“అన్నా, దీన్ని నానబెట్టాలా?” అని అడవిపందిని అడిగింది.

“ఏమో చెల్లీ! అవతలి కొండ మీద తవ్వుకొచ్చాను. ముళ్ళపంది అవ్వనడుగు. ఆవిడ అక్కడే పెరిగింది,” అంది పంది.

అవ్వ ఇల్లు వాగు అవతల. వెళ్ళి రావాలంటే ఒక పూట పడుతుంది. పైన చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఖాళీ గడి చూస్తే పెద్దమ్మ ఏమంటుందో! చింతాకు గుండె దడదడలాడింది. పక్క బుట్టల్లోని దుంపలు వేటినీ నానబెట్టక్కర్లేదు. ‘ఇదీ అంతే అయి ఉంటుందిలే’ అనుకుని, గడిలో ‘అక్కర్లేదు’ అని గీకేసింది.

దడ తగ్గింది. ఇంకో ఖాళీ గడి కనబడింది. అదీ నింపేసింది. తర్వాత ఇంకోటి. పిల్లలూ, ఈ పని ఒకసారి అలవాటైతే చెయ్యి ఆగదర్రా!

పెద్దమ్మ వచ్చి చూసి, “ఒక్క గడీ ఖాళీ లేదే! శభాష్!” అంది. చింతాకు నవ్వింది కానీ, లోపల ఏదో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

వానలు మొదలయ్యాయి.

ముందు ఉడుత వచ్చింది. ఆకు మీద ‘మెత్తన’ అని చూసి పిల్లల పడకకి నూగు పట్టుకెళ్ళింది. కాసేపటికే ఒళ్ళంతా గోక్కుంటూ తిరిగొచ్చింది. “ఇది దూలగొండి నూగే తల్లీ! నా పిల్లలు ఎగిరెగిరి గోక్కుంటున్నారు!” అని ఏడుపు మొహం పెట్టింది. చింతాకు ఆకు మార్చి, “పొరపాటైందక్కా,” అంది.

తర్వాత చిలుక వచ్చింది. ‘తీపి’ అన్న పండు కొరికి, “థూ! చేదు విషం!” అని ఉమ్మేసింది. చింతాకు ఆ ఆకూ గబగబా మార్చింది. చిన్న తప్పులేగా, ఎవరి ప్రాణాలూ పోలేదుగా అని తనకి తనే చెప్పుకుంది. మిగతా ఆకుల వైపు మాత్రం చూడలేదు. చూడాలంటే భయం వేసింది.

ఆ తర్వాత కుందేలు వదిన వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

“మా చంటిది జ్వరమొచ్చి రెండు రోజులుగా ఏమీ తినలేదు. మెత్తటి దుంప ఏదైనా ఉందా?” అంటూ ఊదా దుంపల బుట్ట దగ్గర ఆగింది. ఆకు చదివింది. “నానబెట్టక్కర్లేదా! హమ్మయ్య, వెంటనే పెట్టేస్తాను. నువ్వు రాశావంటే ఇంక చూసుకోనక్కర్లేదు.”

చింతాకు నోరు తెరిచింది. ‘వదినా, అది నేను ఊహించి రాశాను’ అనాలి. అంతే, ఒక్క మాట. కానీ ఇప్పటికే రెండు తప్పులు బయటపడ్డాయి. మూడోది పెద్దమ్మ చెవిన పడితే? నోరు మూసుకుంది. కుందేలు వెళ్ళిపోయింది.

అంతలో ముళ్ళపంది అవ్వ తడుస్తూ వచ్చింది. ఊదా దుంపల మీద ఆకు చూడగానే ఆవిడ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

“ఎవరు రాశారే ఇది? ఈ దుంప మూడు రోజులు పారే నీళ్ళలో నానాలి. పచ్చిగా తింటే పెద్దవాళ్ళకే గొంతు వాచిపోతుంది. పసిపిల్లలైతే ఊపిరాడదు!”

చింతాకుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున వానలోకి దూకింది. దారంతా బురద. పడింది, లేచింది, మళ్ళీ పడింది. ‘ఇంకా పెట్టి ఉండదు, ఇంకా పెట్టి ఉండదు’ అనుకుంటూనే పరిగెత్తింది. కుందేలు బొరియలోకి దూరేసరికి చంటిది ముక్క నోట్లో పెట్టుకుంటోంది.

“మింగకు! ఉమ్మెయ్!” అని చింతాకు దాని మీదకి దూకి, ముక్క లాగేసింది.

చంటిదాని పెదవులు అప్పటికే ఎర్రగా వాచాయి. తల్లి గబగబా నోరు కడిగింది. చాలాసేపటికి చంటిది కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు విని చింతాకు కూడా భోరుమంది.

“అది నేను ఊహించి రాశాను వదినా. తెలిసి రాయలేదు.”

కుందేలు తిట్టలేదు, కొట్టలేదు. ఒకే మాట అడిగింది. “మొన్న పట్టుకెళ్ళిన కాయల మీద రాసింది? అది తెలిసి రాశావా, ఊహించి రాశావా?”

చింతాకు ఆలోచించింది. గుర్తు రాలేదు. తెలిసి రాసిందీ ఊహించి రాసిందీ ఒకేలా గీకింది కదా! ఇప్పుడు తనకే తెలియడం లేదు.

ఈ మాట అడవంతా పాకింది. కొట్టు నిండా తిండి ఉంది, ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దమ్మ మూడు వందల ఆకులూ తీయించేసింది. తొమ్మిది రోజులు అందరూ అర్ధాకలితో ఉన్నారు. చింతాకు ఆ జడివానలోనే వాగు దాటి, గుమ్మం గుమ్మం తిరిగి, అడిగి అడిగి మళ్ళీ రాసింది. ఎవరికీ తెలియని చోట గడి ఖాళీగా వదిలేసింది. అలాంటివి నలభై మిగిలాయి.

పదోరోజు కుందేలు వదిన చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఖాళీ గడి ఉన్న బుట్ట దగ్గర ఆగి, “దీన్ని నానబెట్టాలా?” అని అడిగింది.

చింతాకు గుండె మళ్ళీ దడదడలాడింది.

“తెలియదు వదినా.”

కుందేలు పక్క బుట్ట వైపు తిరిగింది. దాని ఆకు మీద ‘నానబెట్టక్కర్లేదు’ అని ఉంది. ఇంకేమీ అడగకుండా అందులోంచి ఒక దుంప తీసి, చిన్న ముక్క తుంచి, అక్కడికక్కడే చంటిదాని నోట్లో పెట్టింది.

నీతి: తెలియని చోట తెలియదని చెప్పేవారి మాటనే, తెలిసిన చోట అందరూ నమ్ముతారు.