జుంటవ్వ అడిగిన దారి

తేనెబండ అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, జింకలు, ఏదుపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే, ఒకరి ఇంటి సంగతిలో ఇంకొకరు అడక్కుండానే తలదూర్చేంతగా అన్నమాట.

ఆ అడవిలో జుంటవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. జుంటితేనె అంటే పడిచస్తుంది కాబట్టి ఆమెకు ఆ పేరు వచ్చింది. ఆమె గుహ ఒక ఎత్తైన బండ మీద ఉంది. తాగే నీళ్ళు బండ కింద ఊటలో ఉన్నాయి. వయసులో ఉండగా ఆ బండ ఆమెకు ఒక్క గెంతు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. పోయిన ఎండాకాలం తేనెచెట్టు మీంచి జారిపడి వెనక కుడికాలు కూడా చెడింది. బండ పక్కన పొడుచుకొచ్చిన చెట్టువేరు పట్టుకుని, మూలుగుతూ ఎక్కేది, మూలుగుతూ దిగేది.

ఆమె కోరింది చాలా చిన్నది. "బండకు ఆనించి కాస్త పుట్టమన్ను పోయండర్రా. తడిపి తొక్కితే గట్టిపడుతుంది. మెల్లగా నడిచి ఎక్కుతాను" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది.

అందరూ తలలూపారు. ఊపి, తిన్నగా గెంతులయ్య దగ్గరికి పోయారు.

గెంతులయ్య కొండముచ్చు. అడవిలో ఎవరికి ఏది కట్టాలన్నా తనే కట్టాలని అతని పట్టుదల. వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని బండను పైనుంచి కిందిదాకా చూశాడు. జుంటవ్వ కాళ్ళకేసి మాత్రం చూడలేదు.

"మట్టికుప్పా? ఛీ ఛీ! పొరుగు అడవి వాళ్ళు చూస్తే నవ్విపోతారు. తీగలతో నిచ్చెన కడతాను" అన్నాడు.

"నిచ్చెన నేనెక్కలేను నాయనా. నా కాలు..."

"నువ్వూరుకో అవ్వా, నీకు తెలీదు. తీగ పట్టుకుని, తోక ఇలా విసిరి, ఒక్క ఊపు ఊగితే పైనుంటావు!"

"బెత్తెడు తోక నాది! దాన్నెక్కడికి విసరనురా?" అని అరిచింది జుంటవ్వ.

"అదే అలవాటైపోతుంది" అన్నాడు గెంతులయ్య.

చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. గోడకు చెప్పుకున్నా కాస్త నయమే. ఆమె నీళ్ళు తాగొచ్చేసరికి పూలు కట్టిన నిచ్చెన వేలాడుతోంది. అంతటితో ఊరుకున్నాడా? అందం చెడుతోందని ఆ చెట్టువేరు కూడా పీకేశాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు.

జుంటవ్వ నిచ్చెన మీద కాలు పెట్టింది. నిచ్చెన ఊగింది. ఆమె వెల్లకిలా పడింది. ఇప్పుడు నిచ్చెనా పనికిరాదు, వేరూ లేదు. కళ్ళెదుటే ఇల్లు, ఎక్కే దారి లేదు.

మర్నాడు అందరూ మళ్ళీ పోగయ్యారు. "పాపం, అవ్వ ఇక ఇక్కడ ఉండలేదు. వానలు పడేలోగా లోయలోని పాత గుహకు మార్చేద్దాం" అంది జింక.

"నిచ్చెనలో లోపం లేదు. అవ్వకే ఒళ్ళు వంగదు" అన్నాడు గెంతులయ్య.

ఇదంతా ఆమె ఎదుటే, ఆమె ఒక బండరాయి అయినట్టు మాట్లాడుకున్నారు. జుంటవ్వకు ఒళ్ళు మండిపోయింది. "నేనింకా చావలేదర్రా! నా ఇల్లు వదిలి ఎక్కడికీ రాను!" అంది.

"వాన పడేలోగా గుహలోకి ఎక్కితే సరే. లేకపోతే లోయకే" అని తేల్చేశారు.

జుంటవ్వ కుంటుకుంటూ పుట్ట దగ్గరికి పోయి, కోపమంతా గోళ్ళలో పెట్టి తనే తవ్వడం మొదలుపెట్టింది. అటుగా వచ్చిన సూదమ్మ అనే ఏదుపంది ఆగి సంగతంతా వింది.

"నొప్పి ఏ కాలికి అవ్వా?" అని అడిగింది.

జుంటవ్వ తవ్వడం ఆపేసింది. ఇన్నాళ్ళుగా ఆ మాట ఒక్కరూ అడగలేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"వెనక కుడికాలు తల్లీ."

"అయితే ఒకసారి నడువు, చూస్తాను."

జుంటవ్వ నడిచింది. తవ్విన మన్నంతా ఇద్దరూ బండ దగ్గరికి చేర్చి ఆనించి పోశాక, దాని మీదా నడిచి చూపింది. కాలు ఈడ్చుకుపోయిన చోటల్లా సూదమ్మ మన్ను నెట్టింది. "ఏటవాలు ఇంకా తగ్గించు" అంటే తగ్గించింది. "నడిమధ్య ఆగి ఊపిరి పీల్చుకోవాలి" అంటే అక్కడ చదును చేసింది. జుంటవ్వ ఊటలో మునిగొచ్చి, తన జూలులోని నీళ్ళన్నీ ఆ మన్ను మీద దులిపింది. ఇద్దరూ కలిసి తొక్కారు. ఎండకు అది ఆరి గట్టిపడింది.

మబ్బులు కమ్మిన రోజు అడవంతా చూడ్డానికి వచ్చింది. జుంటవ్వ అడుగులో అడుగేసుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి, తన గుహలోకి వెళ్ళి కూర్చుంది.

గెంతులయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఈ కుప్ప కన్నా నా నిచ్చెనే మేలు. చూడండి!" అంటూ దాని మీదికి దూకాడు. ఎండిన తీగలు పుటుక్కున తెగాయి. కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఇక అతను చెట్టెక్కలేడు. అందరూ జాలిపడ్డారు. "బొరియ తవ్వేద్దాం! ఇరుగ్గా, చీకటిగా, ఎంత హాయిగా ఉంటుందో!" అన్నాయి కుందేళ్ళు.

"నాకు బొరియ వద్దు! ఊపిరాడదు!" అన్నాడు గెంతులయ్య.

అతని మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. కుందేళ్ళు అప్పుడే తవ్వుతున్నాయి.

"నాకేం కావాలో ఒక్కరైనా నన్నడగరేం?" అని గెంతులయ్య గొల్లుమన్నాడు.

పైనుంచి జుంటవ్వ అంతా వింది. ముందు ఒక్కటి అంటిద్దామనే అనుకుంది. తర్వాత నిట్టూర్చి, మెల్లగా నడిచి దిగి, అతని పక్కన కూర్చుంది.

"ఏడవకు. నీకేం కావాలో చెప్పు" అంది.

"ఎత్తున ఉండాలి అవ్వా. ఆకాశం కనబడాలి."

"నా గుహ ముందు చోటుంది. నా భుజం పట్టుకుని రా."

చినుకులు మొదలయ్యాయి. గెంతులయ్య ఆమె భుజం పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ, ఆ మట్టిదారి మీదే పైకెక్కాడు.

నీతి: సాయం ఎవరికో వారినే ముందు అడగాలి, దారి ఎలా ఉండాలో నడిచేవారికే తెలుసు.